పాఠకుల సర్వేకి లక్కీ డ్రా పెడుతున్నా, సలహాలు కావాలి (చీర కొనేశాను!)

పోపులపెట్టె | డిసెంబర్ 18, మధ్యాహ్నం 2:40

అందరికీ నమస్కారం. నా పేజీలో వంటలూ, మా అమ్మమ్మగారి ఊరి కబుర్లూ రాయడం మొదలుపెట్టి ఈ సంక్రాంతికి పదకొండేళ్ళు. ఇన్నేళ్ళయినా చదివేవాళ్ళెవరో నాకు సరిగ్గా తెలీదు. కామెంట్లు పెట్టేది ఎప్పుడూ ఆ పదిహేను మందే, వాళ్ళలో ఆరుగురు మా చుట్టాలు. లెక్క చూస్తే మాత్రం రోజుకి నాలుగు వందల మంది దాకా వచ్చి చదివి వెళ్తున్నారు. ఎవరమ్మా మీరంతా? చదివి ఏం చేస్తున్నారు?

అందుకని ఒక సర్వే పెడదామనుకుంటున్నా. 34 ప్రశ్నలు రాసుకున్నాను. నింపినవాళ్ళ పేర్లు చీటీలు వేసి, భోగి రోజు ఒకరికి మంగళగిరి చీర ఇస్తాను. వంకాయ రంగు, నిజాం అంచు, 4,200 రూపాయలు. కొనేసి బీరువాలో పెట్టాను కూడా. మా వారికి ఇంకా చెప్పలేదు.

ఇలాంటివి ఇదివరకు చేసినవాళ్ళుంటే కాస్త చెప్పండి. ప్రశ్నలు ఎన్నుండాలి, డ్రా ఎలా తీయాలి, ఎక్కడ తేడా వస్తుంది?

చిత్తూరు చిన్నది | డిసెంబర్ 18, మధ్యాహ్నం 3:05

ముప్పై నాలుగు ప్రశ్నలా అక్కా? నా పెళ్ళిచూపుల్లో కూడా అన్ని అడగలేదు.

న్యూజెర్సీ కోడలు | డిసెంబర్ 18, సాయంత్రం 6:12

చీర ఫోటో పెట్టండి ముందు. సలహాలు తర్వాత :)

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళం కూడా పాల్గొనొచ్చా? ఇక్కడికి కొరియర్ అంటే చీర ఖరీదుకి దగ్గర్లో అవుతుంది, ఆ ఖర్చు మీ నెత్తిన వేయడం నాకిష్టం లేదు. గెలిస్తే ఇండియాలో ఎవరిదైనా అడ్రస్ ఇవ్వాలని మొదటే రాసేయండి. నాకొస్తే మా అత్తగారికి పంపండి. చీర ఆవిడ కట్టుకుంటుంది, పేరు నాకు వస్తుంది.

లెక్కల టీచరమ్మ | డిసెంబర్ 18, రాత్రి 8:30

పోపులపెట్టె గారూ, హనుమకొండ నుంచి. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను, కాబట్టి కాస్త పాఠంలా ఉంటే ఓర్చుకోండి.

మీరు చీర పెడితే చీర కావాల్సినవాళ్ళు వస్తారు. మీకు కావాల్సింది మీ పాఠకులు. ఈ రెండు గుంపులూ ఒకటి కావు. బహుమతి ఎంత ఆకర్షణగా ఉంటే, అసలు చదవనివాళ్ళు అంత ఎక్కువ వస్తారు. మీ పాఠకులకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేని వస్తువు పెట్టండి. మీ చేత్తో రాసిన వంటల నోట్‌బుక్కో, మీరెప్పుడూ రాసే ఆ అమ్మమ్మగారి చారుపొడి డబ్బానో.

అమెరికాలో 1936లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల మీద సర్వే చేసింది. దాదాపు కోటి మందికి కార్డులు పంపితే 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. పోటీదారు లాండన్ గెలుస్తాడని పత్రిక ఢంకా బజాయించింది. తీరా చూస్తే అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డులు వెళ్ళింది ఎక్కువగా టెలిఫోనూ, కారూ ఉన్నవాళ్ళకి. పైగా తిరిగి పంపే ఓపిక కూడా రూజ్వెల్ట్ మీద కోపం ఉన్నవాళ్ళకే ఎక్కువ. ఎంత మంది నింపారని కాదు, ఎవరు నింపారని చూడాలి.

పోపులపెట్టె | డిసెంబర్ 18, రాత్రి 9:15

టీచరమ్మా, చీర కొనేశానని చెప్పాను కదా! వెనక్కి తీసుకోడు, ఫాల్ కూడా కుట్టించేశాను.

లెక్కల టీచరమ్మ | డిసెంబర్ 18, రాత్రి 9:22

సరే. చెప్పడం నా వంతు.

సంపెంగ | డిసెంబర్ 19, ఉదయం 11:10

ఈ విషయం చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. చెప్తున్నా.

నిరుడు ఒక పేజీలో ఇలాగే సర్వే నింపాను. మొదటి బహుమతి మిక్సీ అన్నారు. పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్, పుట్టినరోజు, పెళ్ళిరోజు, ఇష్టమైన స్వీటు అన్నీ అడిగారు. స్వీటు దగ్గర పూతరేకులు అని రాశాను. నాలుగో రోజు ఫోన్. చక్కటి తెలుగులో ఒకబ్బాయి, "మేడమ్, మీకు మిక్సీ కాదు, బంపర్ ప్రైజ్ కారొచ్చింది, నోరు తీపి చేసుకోండి, పూతరేకులంటే ఇష్టం కదా మీకు" అన్నాడు.

ఆ పూతరేకుల మాటతో నమ్మేశాను. ఆ సంగతి బయటివాడికెలా తెలుస్తుంది అనుకున్నా. జీఎస్టీ అని 6,500, ఇన్సూరెన్స్ అని 4,800 పంపాను. మూడోసారి అడిగినప్పుడు మా ఇంటర్ చదివే అబ్బాయి ఫోన్ లాక్కుని, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కొట్టాడు. రెండోసారి పంపిన డబ్బు బ్యాంకులో ఆపగలిగారు. మొదటిది పోయినట్టే. ఆ పేజీవాళ్ళే చేశారో, వాళ్ళ దగ్గర్నుంచి లిస్టు ఇంకెవరి చేతికైనా పోయిందో ఈ రోజుకీ తెలీదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా పూతరేకులు తెస్తే అందరూ నా మొహం చూస్తారు.

పోపులపెట్టె గారూ, మీరు మంచివారే, నాకు తెలుసు. కానీ అడ్రస్ ఎందుకడుగుతున్నారు? గెలిచేది ఒక్కరు. ఆ ఒక్కరిని తర్వాత అడిగితే సరిపోదా?

పోపులపెట్టె | డిసెంబర్ 19, మధ్యాహ్నం 1:50

సంపెంగా, చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. నా 34లో అడ్రసూ ఉంది, పెళ్ళిరోజూ ఉంది. పెళ్ళిరోజుకి శుభాకాంక్షలు పంపిస్తే బాగుంటుందని పెట్టాను. తీసేస్తున్నా.

ఆడిట్ అక్క | డిసెంబర్ 19, సాయంత్రం 4:35

రాజమండ్రి నుంచి. రోజూ పన్నుల మధ్యే ఉంటాను కాబట్టి నాకు తెలిసిన మేరకు చెప్తా.

ముందు, ఎవరి దగ్గరా పైసా తీసుకోకండి. "రూ. 20 కట్టి పాల్గొనండి", "నా పచ్చళ్ళు కొన్నవాళ్ళకి రెండు చీటీలు" లాంటివి పొరపాటున కూడా వద్దు. డబ్బు కట్టించుకుని, అదృష్టం మీద బహుమతి ఇస్తే అది లాటరీ అవుతుంది. లాటరీ నడిపే హక్కు 1998 లాటరీల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది. కేరళ నడుపుతుంది, మన రెండు రాష్ట్రాల్లోనూ లేదు. సొంతంగా లాటరీ ఆఫీసు పెడితే నేరం: ఇదివరకు ఐపీసీ 294ఎ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 297. ఉచితంగా, ఏమీ కొనక్కర్లేకుండా ఇచ్చేదానికి ఈ బెడద చాలా వరకు ఉండదు.

పన్ను విషయం. లక్కీ డ్రాలో వచ్చినది పది వేలు దాటితే 30 శాతం టీడీఎస్, అంటే బహుమతి ఇచ్చేవాళ్ళే ముందు పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను. వస్తువు రూపంలో ఇచ్చినా సరే, పన్ను కట్టారని తేల్చుకున్నాకే వస్తువు చేతికివ్వాలి. మీ చీర 4,200 కాబట్టి మీకు ఆ గొడవ లేదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి సంపెంగలాంటి వాళ్ళంతా: ఆ పన్ను ప్రభుత్వానికి వెళ్తుంది, ఎవడో కుర్రాడి యూపీఐకి వెళ్ళదు. "ముందు మాకు ట్యాక్స్ పంపండి, తర్వాత కారు" అన్నవాడు దొంగ. ఇంక ఆలోచించక్కర్లేదు.

ఇంకోటి. వినియోగదారుల రక్షణ చట్టంలో ఒక మాటుంది. ఉచిత బహుమతుల స్కీము ముగిశాక ఫలితం చెప్పకుండా దాచడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ప్రకటన ఏ పత్రికలో ఇచ్చారో అదే పత్రికలో, కంటికి కనబడేలా ఫలితం వేయాలని వివరణ. మీది వ్యాపారం కాదులెండి, అయినా ఆ పద్ధతి మంచిది. సర్వే ఎక్కడ ప్రకటించారో ఫలితమూ అక్కడే పెట్టండి, వాట్సాప్ స్టేటస్‌లో కాదు.

పాత పత్రికల పెద్దమ్మ | డిసెంబర్ 20, ఉదయం 6:05

నాకు డెబ్బై నాలుగు. మీ చట్టాల సంగతి నాకు తెలియదు గానీ బహుమతుల మోజు తెలుసు. వారపత్రికలో పజిల్ కూపను కత్తిరిస్తే వెనకవైపు సీరియల్ ముక్క పోయేది. దానికోసం మా తోటికోడలూ నేనూ నెల రోజులు మాట్లాడుకోలేదు. "ఆల్ కరెక్ట్" వచ్చినవాళ్ళు నూట ఎనభై మంది ఉంటే బహుమతి పంచగా తలా రెండు రూపాయల ముప్పావలా. ఆ మనియార్డరు కాగితం మా ఆయన ఫ్రేము కట్టిస్తానన్నాడు.

తర్వాత టీవీ వచ్చింది. దూరదర్శన్‌లో సురభి కార్యక్రమం చూసేవాళ్ళం కదా, అందులో అడిగే ప్రశ్నకి జవాబులుగా ఒక్క వారంలో పద్నాలుగు లక్షల ఉత్తరాలు వచ్చాయట. ఉత్తరాలు మోయలేక తపాలా శాఖ పోటీల కోసమని వేరే కార్డు తెచ్చింది. మామూలు కార్డు అర్ధరూపాయి ఉంటే, ఆ పోటీ కార్డు రానురానూ పది రూపాయలకెళ్ళింది. అయినా రాసేవాళ్ళం.

ఒక్క బహుమతి మాత్రం వేరు. మా అమ్మ చెప్పేది, మద్రాసులో కేసరిగారి గృహలక్ష్మి పత్రిక రచయిత్రులకి స్వర్ణకంకణం ఇచ్చేదని. అది చీటీ తీసి ఇచ్చింది కాదు. రాసిన చేతికి తొడిగింది. నువ్వు డ్రా తియ్యి తల్లీ, తప్పులేదు. కానీ మంచి ఉత్తరం రాసినవాళ్ళకి కూడా ఒకటివ్వు.

చిత్తూరు చిన్నది | డిసెంబర్ 20, ఉదయం 9:40

పెద్దమ్మా, తోటికోడలితో మళ్ళీ ఎప్పుడు మాట్లాడారు?

పాత పత్రికల పెద్దమ్మ | డిసెంబర్ 20, ఉదయం 9:58

సీరియల్ అయిపోయాక.

పోపులపెట్టె | డిసెంబర్ 21, మధ్యాహ్నం 2:20

నా ప్రశ్నల్లో కొన్ని ఇక్కడ పెడుతున్నా, మొహమాటపడకుండా చెప్పండి.

మా వంటలు మీకు ఎంతగా నచ్చుతాయి? (చాలా / చాలా చాలా / బాగానే)
మీరు రోజూ చదువుతారా?
మీ వయసు? (20-30, 30-45, 45-60, 60 పైన)
వీడియోలు కూడా పెట్టమంటారా?
మీ ఇంటి నెలసరి ఆదాయం?

లెక్కల టీచరమ్మ | డిసెంబర్ 21, సాయంత్రం 5:00

మొదటి దాంట్లో "నచ్చలేదు" అనే దారే లేదు. ఇది సర్వే కాదు, హారతి పళ్ళెం.

"రోజూ చదువుతారా" అంటే మొహమాటానికి అవును అంటారు. "చివరిసారి ఎప్పుడు చదివారు" అని అడగండి. "నచ్చాయా" బదులు "చివరిసారి ఇక్కడ చూసి ఏం వండారు" అని ఖాళీ పెట్టండి. ఎంచుకోవడానికి ఆప్షన్లు ఇవ్వొద్దు, వాళ్ళే రాయాలి. చదవనివాళ్ళు అక్కడ దొరికిపోతారు కూడా. వీడియోలు కావాలా అంటే ఎవరు వద్దంటారు? ఉచితంగా వచ్చేది ఏదైనా కావాలనే అంటారు. "వారానికి ఒక్కటే చేయగలను, రాతా, వీడియోనా" అని అడిగి చూడండి. ఆదాయం తీసేయండి, అది తెలిసి మీరేం చేస్తారు?

పాత పత్రికల పెద్దమ్మ | డిసెంబర్ 21, సాయంత్రం 6:30

ఇరవై నుంచి అరవై దాకా మూడు ముక్కలు చేసి, అరవై దాటగానే అందరినీ ఒకే గోనెసంచిలో వేశావేం తల్లీ? అరవై రెండేళ్ళ దానికీ నాకూ పళ్ళలోనే బోలెడు తేడా ఉంది. నేను జంతికలు నమలలేను.

చిత్తూరు చిన్నది | డిసెంబర్ 21, రాత్రి 10:45

నాదొక ప్రశ్న పెట్టక్కా. "ఎవరి ఫోన్‌లో చదువుతారు?" మా అమ్మకి సొంత ఫోన్ లేదు. నాన్న పడుకున్నాక ఆయన ఫోన్‌లో చదువుతుంది, తెల్లారేసరికి హిస్టరీ తుడిచేస్తుంది. మీ కబుర్లు చదవడానికే, ఇంకేం కాదు! కానీ నీ లెక్కలో మాత్రం ఆమె మగాడు.

సంపెంగ | డిసెంబర్ 21, రాత్రి 11:02

ఇది చాలా మంచి ప్రశ్న.

లెక్కల టీచరమ్మ | డిసెంబర్ 22, ఉదయం 7:15

ఫారం ఎలా పెట్టాలో చెప్తాను. గూగుల్ ఫారాలు రెండు చేయండి. మొదటిది సర్వే. పేరు, ఈమెయిల్, ఫోన్ ఏమీ వద్దు. అది పంపించాక "ధన్యవాదాలు" అని వచ్చే చోట రెండో ఫారం లింకు పెట్టండి. ఆ రెండోదాంట్లో డ్రా కోసం ఒక పేరు, ఈమెయిలో ఫోన్ నంబరో ఏదో ఒకటి. అప్పుడు ఎవరేం రాశారో మీక్కూడా తెలియదు, నిజం రాస్తారు.

ఒక కిటుకు. రెండు షీట్లలోనూ పంపిన టైము పడుతుంది. 10:42కి సర్వే, 10:43కి డ్రా ఫారం వస్తే ఎవరిదో చెప్పేయొచ్చు. అందుకని గడువయ్యాక సర్వే షీటులో ఆ టైము కాలమ్ తీసేసి, వరసలు కలిపేసి, ఆ తర్వాతే చదవండి. మీ మీద మీకే నమ్మకం లేనట్టు చేయాలి.

పోపులపెట్టె | డిసెంబర్ 24, మధ్యాహ్నం 3:30

34 ప్రశ్నలు 9 అయ్యాయి. ఒక్కొక్కటి తీసేస్తుంటే వడియాలు కాకి ఎత్తుకుపోతున్నట్టుంది. మా అమ్మాయి ఫోన్‌లో నింపి చూసింది, నాలుగు నిమిషాలు పట్టింది.

నియమాలు ఇవీ: ఉచితం. ఏమీ కొనక్కర్లేదు, ఎవరినీ ఫాలో అవ్వక్కర్లేదు. పద్దెనిమిది నిండాలి. మనిషికి ఒక్కటే ఎంట్రీ. మా ఇంటివాళ్ళూ, దగ్గరి చుట్టాలూ డ్రాలో ఉండరు (ఆరుగురూ అలిగారు). గడువు జనవరి 11 రాత్రి. ఇండియా అడ్రస్‌కే పంపుతాను. డ్రా భోగి సాయంత్రం 5 గంటలకి లైవ్‌లో. గెలిచినవాళ్ళని నేనెప్పుడూ డబ్బు అడగను, ఓటీపీ అడగను. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే మళ్ళీ తీస్తాను. డ్రా అయ్యాక అందరి నంబర్లూ తుడిచేస్తాను.

పెద్దమ్మ మాట ప్రకారం మంచి ఉత్తరానికి రెండో బహుమతి, నా చేతిరాత వంటల పుస్తకం.

ఆడిట్ అక్క | డిసెంబర్ 24, సాయంత్రం 7:10

బాగుంది. ఇప్పుడు రాసినవి మధ్యలో మార్చకండి, ఏమొచ్చినా సరే. ఆ "ఏమొచ్చినా" అన్నది గుర్తుపెట్టుకోండి.

పోపులపెట్టె | జనవరి 10, ఉదయం 7:50

టెన్షన్‌గా ఉంది. రాత్రి పడుకునేటప్పటికి డ్రా ఫారంలో 143 ఎంట్రీలు. పొద్దున్న లేచి కాఫీ పెట్టుకుని చూస్తే 291! ముందు సంతోషపడ్డాను. తర్వాత సర్వే తెరిచి చూస్తే, అన్నిటికీ మొదటి ఆప్షనే నొక్కారు. "చివరిసారి ఏం వండారు" దగ్గర "సూపర్", "గుడ్", ఒట్టి చుక్క. ఒకావిడ "చీర" అని రాశారు. ఎవరో ఉచిత బహుమతుల గ్రూపులో నా లింకు పెట్టారట.

వీళ్ళని డ్రాలోంచి తీసేయొచ్చా?

న్యూజెర్సీ కోడలు | జనవరి 10, ఉదయం 8:20

తీసేయండి. నిజంగా చదివేవాళ్ళకి అన్యాయం కదా. పదకొండేళ్ళుగా మీతో ఉన్న నాలాంటి వాళ్ళకి రావాల్సింది, నిన్న రాత్రి లింకు పట్టుకొచ్చిన మనిషికి పోవడమేంటి?

ఆడిట్ అక్క | జనవరి 10, ఉదయం 9:05

నియమాల్లో "పాత పాఠకులకే" అని ఎక్కడుంది? నింపినవాళ్ళకి అన్నారు. వాళ్ళు నింపారు. చుక్క పెట్టినా నింపినట్టే.

లెక్కల టీచరమ్మ | జనవరి 10, ఉదయం 9:30

చెప్పాను అనను. (అన్నాను.)

రెండూ వేరు చేయండి. డ్రాలో అందరూ ఉంటారు, మాట ఇచ్చారు కాబట్టి. సర్వే లెక్కల్లో మాత్రం ఆ ఖాళీలో ఏదో ఒక మాట అర్థమయ్యేలా రాసినవాళ్ళనే తీసుకోండి. "ఏమీ వండలేదు" కూడా అర్థమయ్యే మాటే, దాన్ని కొట్టేయొద్దు. ఎంత మందిని పక్కన పెట్టారో, ఎందుకో ఫలితాల్లో రాసేయండి.

చిత్తూరు చిన్నది | జనవరి 10, మధ్యాహ్నం 12:15

పాపం ఆ "చీర" అని రాసినామె ఒక్కతే నిజం చెప్పింది.

పోపులపెట్టె | జనవరి 12, రాత్రి 9:40

గడువు అయిపోయింది. మొత్తం 312. పేరులో మొదటి రెండక్షరాలూ, ఒక వరస నంబరూ మాత్రమే ఉంచి లిస్టు పెట్టేశాను, ఎవరి నంబరు వాళ్ళు చూసుకోండి. 312 చీటీలు మడవాలా టీచరమ్మా? మడిచినవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, లావుగా మడిచింది చేతికి ముందు తగులుతుంది.

లెక్కల టీచరమ్మ | జనవరి 12, రాత్రి 10:05

వద్దు. పద్నాలుగు చీటీలు చాలు. ఒక గిన్నెలో 0, 1, 2, 3. ఇంకో గిన్నెలో 0 నుంచి 9. మొదటి గిన్నెలోంచి వందల స్థానం. రెండో గిన్నెలోంచి పదుల స్థానం తీసి, ఆ చీటీ మళ్ళీ అందులోనే వేసి కలిపి ఒకట్ల స్థానం. వచ్చిన నంబరు 312 దాటినా, 000 వచ్చినా వదిలేసి మూడూ మళ్ళీ తీయండి. మొదటి అంకె మాత్రం ఉంచుకుందామనుకోవద్దు, అప్పుడు అందరికీ సమానంగా రాదు. లైవ్‌లో గిన్నెలు బోర్లించి చూపించండి.

పోపులపెట్టె | జనవరి 14, సాయంత్రం 6:25

అయిపోయింది! లైవ్ చూసినవాళ్ళు 38 మంది. మా మనవడికి భోగిపళ్ళు పోశాక వాడిచేత తీయించాం. జుట్టులో ఇంకా రేగుపళ్ళు ఉన్నాయి. మొదటిసారి 3, 4, 1. అంటే 341, లేదు. వాడు చీటీ నోట్లో పెట్టుకోబోతే లాక్కున్నాం. రెండోసారి 2, 0, 7.

207. చూశాను. అది 10వ తేదీ తెల్లవారుజామున 1:20కి వచ్చిన ఎంట్రీ.

నవ్వుతూ అభినందనలు చెప్పాను గానీ, నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

న్యూజెర్సీ కోడలు | జనవరి 14, సాయంత్రం 6:40

అయ్యో.

సంపెంగ | జనవరి 14, రాత్రి 7:30

అయ్యో ఎందుకండీ? ఇంకోసారి తీసుంటే, "మళ్ళీ ఎవరికోసం తీశారు" అని నాలాంటిదానికి వెంటనే అనుమానం వస్తుంది. 341 వచ్చినప్పుడూ, 207 వచ్చినప్పుడూ మీ మొహం చూశాను. ఒక పేజీ మీద నాకు మళ్ళీ నమ్మకం కలిగింది అంటే ఆ మొహం చూసే.

పోపులపెట్టె | జనవరి 16, మధ్యాహ్నం 3:15

కనుమ గారెలు తిని ఓపిక తెచ్చుకుని ఫలితాలు రాస్తున్నా. 312 మందిలో 171 మందిని పక్కన పెట్టాక మిగిలినవి 141.

ఆ 141లో 52 మంది సొంత ఫోన్‌లో చదవరు. భర్తది, కొడుకుది, కోడలిది. ఎక్కువమంది చదివే టైము రాత్రి పది దాటాక. నేనేమో పదకొండేళ్ళుగా పొద్దున్నే ఆరింటికి పెడుతున్నాను, టిఫిన్ వేళకి అందుతుందని.

చివరిసారి ఏం వండారు అన్నదానికి 63 మంది ఏమీ వండలేదన్నారు, మా అమ్మమ్మ కబుర్ల కోసమే వస్తారట. గ్రాముల్లో కొలతలు వేయడానికి నేను చిన్న తూకం మిషన్ కూడా కొన్నాను! ఒకావిడ, "మీ చారుపొడి కొలత మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది, ఏది కరెక్టు?" అని అడిగారు. వెళ్ళి చూశాను, నిజమే. ఇంకొకరు "ఉప్పు ఎక్కువ చెప్తారు" అన్నారు. మా వారు అది రెండుసార్లు చదివించుకున్నారు. వాయిస్ టైపింగ్‌తో రాసినవాళ్ళవి మరీ ముద్దుగా ఉన్నాయి. "గుత్తి వంకాయ" కాస్తా "గుర్తు వంకాయ" అయింది.

రాతా, వీడియోనా అంటే 118 మంది రాతే అన్నారు. ఒకరు కారణం రాశారు: "వీడియో అయితే శబ్దం వస్తుంది, పక్కన పడుకున్నవాళ్ళు లేస్తారు."

చిత్తూరు చిన్నది | జనవరి 16, మధ్యాహ్నం 3:40

అది మా అమ్మే అయుంటుంది.

లెక్కల టీచరమ్మ | జనవరి 16, సాయంత్రం 5:20

141 మంది అంటే మీ పాఠకులందరూ అనుకోకండి. ఓపికగా నింపినవాళ్ళు వీళ్ళు. రోజూ వచ్చే నాలుగు వందల మందిలో ఏమీ నచ్చక తిరిగిపోయేవాళ్ళు ఫారం దాకా రారు. అయినా రాత్రి పదింటికి పెట్టి ఒక నెల చూడండి, పోయేదేముంది.

కదిరి మల్లె | జనవరి 17, ఉదయం 10:30

నమస్తే అండి. 207 నాదే. మెయిల్ చూసి వచ్చాను. ఇక్కడ అంతా చదివినాను. కొంచెం సిగ్గేసింది.

నేను పాత పాఠకురాలిని కాదు. చంటిపిల్లతో రాత్రుళ్ళు నిద్ర ఉండదు, ఒడిలో పాపని పెట్టుకుని కనబడిన డ్రాలన్నీ నింపుతుంటా. నాలుగేళ్ళలో రెండు వందల పైన నింపింటాను. ఒక్కటీ తగల్లేదు. "ఏం వండారు" దగ్గర "గుడ్" అని రాసింది కూడా నేనే, ఒక చేత్తో అంతకన్నా రాయలేకపోయాను. మీకు మనసుకు కష్టంగా ఉంటే ఇంకొకరికి ఇచ్చేయండి, నేనేమీ అనుకోను.

పోపులపెట్టె | జనవరి 17, ఉదయం 11:05

అయ్యో అదేం మాటమ్మా! చీర నీదే. మనసు కష్టపడింది నిజం, నిన్నటితో పోయింది. అడ్రస్ ఇక్కడ పెట్టకు, మెయిల్‌కే పంపు. రేపు స్పీడ్ పోస్టులో వేస్తాను. ఎవరైనా ఫోన్ చేసి చీర పేరు చెప్పి డబ్బడిగితే నేను కాదు.

పాపకి ఎన్నో నెల?

కదిరి మల్లె | జనవరి 17, ఉదయం 11:20

ఏడో నెల అండి. పంపిస్తాను.

ఒక్క మాట అడగొచ్చా, బ్లౌజ్ అటాచ్డేనా అండి?

పోపులపెట్టె | జనవరి 17, ఉదయం 11:22

ఉందమ్మా. కొసన 80 సెంటీమీటర్లు, అంచుతో సహా.